మెట్టసీమ మెట్రిక్యులేట్లు

1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కృష్ణాజిల్లా రెండు సీమలైనది. దిగువ పల్లమునకు కాలువ నీరు పారెను. ఎగువనున్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతము మాత్రము వానమబ్బును నమ్ముకొని మెట్టగనే నిలిచెను. జగ్గయ్యపేట నాడు నందిగామ తాలూకాలోనిది. నేడు ఈ రెండును 2022లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాకు చెందినవి. పల్లమునకు బందరు కలదు; అచ్చట రాబర్టు నోబిలు దొర 1843లోనే ఆంగ్ల పాఠశాలను నెలకొల్పెను. మెట్టకు ఆవలి అంచున నిజాము రాజ్యము. ఈ నడిమి నేలపై పుట్టిన పిల్లవాడు హైస్కూలు చదువు ముగించుటకు ఎటు పోయెను? పందొమ్మిదవ శతాబ్దము ముగిసి ఇరువదవది మొదలగు కాలమున మెట్రిక్యులేషను మెట్టు దాటిన ముగ్గురిని గూర్చియు, ఆ మెట్టు దరికే చేరనీయబడని ఒకరిని గూర్చియు ముచ్చటింతుము.

మెట్రిక్యులేషను అనగా విశ్వవిద్యాలయపు సింహద్వారము. మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడినది మొదలు ఆ ద్వారమున కావలి కాచినది ఇంగ్లీషు భాష. లెక్కలైనను, చరిత్రయైనను ఆ భాషలోనే చదివి ఆ భాషలోనే వ్రాయవలెను. తెలుగు రెండవ భాషగా ఒక మూల కూర్చుండెడిది. 1911 ప్రాంతమున దీని స్థానమున ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చెను. కుఱ్ఱవాని పుట్టినతేదీ, పుట్టుమచ్చలు, బడిలో తెచ్చుకొన్న మార్కులు అన్నియు ఒక పుస్తకమున కెక్కెడివి. కళాశాలలో చేరదగిన వానిని ‘ఎలిజిబుల్’ అనిరి. ఆ పుస్తకమును దస్తావేజువలె పెట్టె అడుగున భద్రపరచిన కుటుంబములు ఎన్నియో!

నందిగామలో జన్మించిన అయ్యదేవర కాళేశ్వరరావుగారు తూర్పుదారి పట్టిరి. బందరు నోబిలు కళాశాలలో రఘుపతి వెంకటరత్నము నాయుడుగారి శిష్యులైరి. బెజవాడలో న్యాయవాదియై, స్వాతంత్ర్యోద్యమమున కారాగారములు చూచి, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతియైరి. చీనా, ఈజిప్టు దేశముల చరిత్రలను ఆయన తెలుగున వ్రాసిరి. ఇంగ్లీషు ద్వారమున లోనికేగిన విద్యార్థి తెలుగు చేతబట్టి వెలికి వచ్చుట మాకు విశేషముగ తోచుచున్నది. తక్కినవారి కథయు ఇట్టిదే.

నందిగామ తాలూకాలోని పొక్కునూరున 1885లో పుట్టిన మాడపాటి హనుమంతరావుగారు నిజాము సీమకు తరలిరి. బాల్యము సూర్యాపేటలో గడచెను. మెట్రిక్యులేషను హనుమకొండలో ముగిసెను. ఉర్దూ, పారసీ భాషలు ఆయనకు కరతలామలకములు. ఉర్దూలో వ్యాసములు వ్రాయుచునే తెలంగాణమున తెలుగు భాషకు నిలువనీడ చూపిన ఆంధ్రోద్యమమునకు పెద్దదిక్కైరి.

మునియేటి ఒడ్డునున్న పెనుగంచిప్రోలు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి జన్మస్థలము. మూడేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. భువనగిరిలో ఓనమాలు దిద్ది, అక్కగారి వెంట నాగపురము చేరి, మరాఠీ గడ్డపై ఉన్నతవిద్య సాగించిరి. మరాఠీలో పత్రికా రచయితగ పేరొందిరి. 1902లో ఎం.ఏ. పట్టము పొందిరి. అప్పటికే మునగాల జమీందారు కొలువున చేరియుండిరి; అచ్చట దివానుగ పనిచేసిరి. కృష్ణాజిల్లాకు చెందియు నలుదెసల నిజాము భూములచే చుట్టబడిన పరగణా అది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలసినవన్న, వాని వెనుక లక్ష్మణరావుగారి పూనిక కలదు. మండలి పనికి కాళేశ్వరరావుగారును చేయూతనిచ్చిరి. మెట్రిక్యులేషను గడప దాటని తెలుగువాడు సైతము పదార్థవిజ్ఞానమును, దేశచరిత్రలను తన భాషలో చదువుకొనవలెనన్నదే ఆ మండలి సంకల్పము.

ఇక ఆ అక్కగారు. ఆమె పేరు బండారు అచ్చమాంబ, 1874లో జన్మించినది. పదియేండ్ల ప్రాయమున వివాహమైనది. భర్త ఉద్యోగమును బట్టి నాగపురమున కాపురముండినది ఆమెయే. తమ్మునికి ఆ ఊరు దొరకినది ఆమె ఇంట తావుండుట చేతనే. తమ్ముడు బడికి పోయెను, అక్క పోలేదు. తమ్ముడు ఇంట చదువుకొనుచుండగా చెంత కూర్చుండి ఆమె తెలుగు, హిందీ నేర్చినది. తరువాత మరాఠీ, గుజరాతీ, వంగ భాషలు పట్టుపడినవి. సంస్కృతము, ఆంగ్లము కొంత అలవడినవి. ఏ పరీక్షాధికారియు ఆమెను ప్రశ్న అడుగలేదు. ఏ పట్టికలోను ఆమె సంఖ్య ఎక్కలేదు. అయినను 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువడినది. చరిత్రలో ప్రసిద్ధికెక్కిన స్త్రీల జీవితములను ఏర్చి కూర్చిన గ్రంథమది. స్త్రీలకు విద్య పొసగదన్న వారికి ఆమె వాదముతో గాక ఉదాహరణములతో బదులు చెప్పినది. మరుసటి యేడు ‘ధనత్రయోదశి’ కథ వ్రాసినది. దానినే తొలి తెలుగు కథానికగ పలువురు విమర్శకులు నేడు ఎంచుచున్నారు. అదే యేడు బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో గూడి బృందావన స్త్రీ సమాజమును స్థాపించినది. 1905లో, ముప్పదియేండ్ల వయస్సున, కన్నుమూసినది.

తమ్ముని ప్రతిభను తక్కువ చేయుట మా యుద్దేశ్యము కాదు. కాని ఒకే ఇంట, ఒకే దీపము వెలుగున చదివిన ఇరువురిలో ఒకరికే పరీక్ష వ్రాయు హక్కుండెనన్న సంగతిని చరిత్రకారులు పాదసూచికకు నెట్టరాదు.

కాలము కొంత గడచెను. 1928లో మాడపాటివారు హైదరాబాదు నారాయణగూడలో బాలికలకు తెలుగు మాధ్యమమున పాఠశాలను తెరచిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనాభాష ఉర్దూ. తెలుగున చదివిన బాలికలకు అచ్చట గుర్తింపు దొరకలేదు. ధోండో కేశవ కర్వే పండితుడు 1916లో పూనాలో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయము మాతృభాషలలోనే బోధన జరుగవలెనని కోరినట్టిది. మాడపాటివారు తమ బడిని దానికి అనుబంధించిరి. హైదరాబాదు బాలికలు తెలుగున పాఠములు చదివి, మరాఠీ దేశపు విశ్వవిద్యాలయము పేర మెట్రిక్యులేషనుకు కూర్చుండిరి.