నడకపై పరిశోధనలు: పదివేల అడుగుల లెక్క ఎక్కడిది?

నడక ఒక్క డాక్టర్ల సబ్జెక్టే కాదు. ఎముకలు తవ్వేవాళ్లు, సమాజాన్ని చదివేవాళ్లు కూడా దాన్ని వదల్లేదు.

వైద్యంలో బాగా పేరొచ్చింది లండన్ బస్సుల అధ్యయనానికి. జెరెమీ మోరిస్ బృందం దాన్ని 1953లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. సీట్లోనే కూర్చునే డ్రైవర్లకంటే డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. అయితే 1956లో అదే బృందం యూనిఫారం కొలతలు చూస్తే డ్రైవర్ల నడుము చుట్టుకొలతే ఎక్కువ. తేడా అంతా మెట్ల వల్లేనా అన్న ప్రశ్న అలా మొదలైంది.

ఇక రోజుకు 10,000 అడుగులన్న మాట పరిశోధనలోంచి రాలేదు. 1960లలో జపాన్‌లో అమ్మిన ఓ మీటరు పేరు 'మాన్పోకే', అంటే పదివేల అడుగుల మీటరు. వ్యాపారం పెట్టిన పేరే ఇవాళ ఫోన్లలో టార్గెట్ అయి కూర్చుంది! 2019లో అమెరికాలో ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్లున్న 16,741 మంది మహిళల అడుగులు లెక్కించింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాల ముప్పు 41 శాతం తక్కువ. 7,500 దాటాక లాభం పెద్దగా పెరగలేదు. ఇంట్లో దాదీ, నానీలకు ఇది ఊరటే. కాకపోతే ఒంట్లో బాగున్నవాళ్లే ఎక్కువ నడుస్తారన్న సంగతీ మరవకూడదు.

టాంజానియాలోని లేటోలిలో 1978లో దొరికిన పాదముద్రల వయసు సుమారు 36 లక్షల ఏళ్లు. అప్పటికే రెండు కాళ్లపై నడక ఉందన్నమాట.

మన దగ్గర ప్రశ్న వేరు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?' పుస్తకంలో ముంబయి వీధుల్ని పరిశీలించారు. ఆడవాళ్లు బయట కనిపిస్తే ఏదో పని మీద వచ్చినట్టు చూపించుకోవాల్సి వస్తోందని, పనేమీ లేకుండా తిరిగే హక్కూ వాళ్లకు కావాలని వాదించారు.