సగం ఖాళీ అయితేనే ఫుల్ ఛార్జ్!

నా లాప్‌టాప్ పొద్దస్తమానం ప్లగ్గులోనే ఉండేది. 100% కనిపిస్తే అదో తృప్తి. రెండేళ్ళకే బ్యాటరీ చతికిలబడ్డాక, అసలు లోపలేం జరుగుతుందా అని పాత కథ తవ్వాను.

1980లో ఆక్స్‌ఫర్డ్‌లో గుడినఫ్, మిజుషిమా వాళ్ళు లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ని పట్టుకున్నారు. (ఆక్స్‌ఫర్డ్ దీని పేటెంటుకి డబ్బులు పెట్టనంది, అదో కామెడీ.) 1991లో సోనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. పూతరేకులాగా పొరలు పొరలు, మధ్యలో లిథియం. ఛార్జ్ చేస్తే ఆ లిథియం అక్కణ్ణించి వెళ్ళిపోతుంది. అంటే మనం ఫుల్ అనుకునేటప్పటికి ఇది సగం ఖాళీ!

మధ్యలోది పోతే పొరలు దగ్గరవ్వాలి కదా? అవ్వవు, ముందు ఎడమవుతాయి. అడ్డుగా ఉన్న ధనావేశం తగ్గేసరికి అటూఇటూ ఉన్న ఆక్సిజన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. 1992లో కెనడాలో రీమర్స్, డాన్ బ్యాటరీ నడుస్తుండగానే ఎక్స్-రేలతో చూశారు, మనం లైవ్ సర్వర్‌కి డీబగ్గర్ తగిలించినట్టు. సరిగ్గా సగం లిథియం పోయేచోట స్ఫటికం ఆకారమే మారింది. అది దాటి బాగా లాగితే పొరలు పక్కకి జారి కుంచించుకుపోతాయి, పగుళ్ళొస్తాయి, ఆక్సిజన్ కూడా లేచిపోతుంది.

అందుకే చాలాకాలం 4.2 వోల్టుల దగ్గరే ఆపేశారు. లెక్కప్రకారం గ్రాముకి 274 మిల్లీఆంపియర్-అవర్లు, చేతికొచ్చింది 140. తర్వాత పైపూతలేసి, వేరే లోహాలు కాస్త కలిపి 4.4 దాకా లాగారు లెండి.

నా బ్యాటరీ చావుకి ఇదొక్కటే కారణం కాదు, వేడి కూడా ఉంది. ఇప్పుడు మాత్రం 80% దగ్గర ఆగేలా పెట్టుకున్నా. పక్కసీటాయన రోజూ అడుగుతాడు, "ఛార్జర్ పాడైందా గురూ?" అని.