బొమ్మల కథలూ, నిషేధాల చట్టమూ

మన సాహిత్య చరిత్రల్లో పిల్లల పుస్తకాలకు దక్కిన చోటు చాలా తక్కువ. అందులోనూ బొమ్మల కథలకు, అంటే పిల్లలంతా కామిక్స్ అని పిలిచే వాటికి, దక్కింది దాదాపు శూన్యం. విమర్శకులు పట్టించుకోని ఈ పుస్తకాలను ప్రభుత్వాలు మాత్రం బాగానే పట్టించుకున్నాయి. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం వీటి మీద విచారణ జరిపింది. 1955లో బ్రిటన్, 1956లో మన దేశం వీటిని దృష్టిలో పెట్టుకుని చట్టాలు చేశాయి. ఆ చట్టాల కోసం సాగిన ప్రచారంలో మతపెద్దలూ ఛాందసులూ ఉండటంలో వింత లేదు. వారి పక్కన, బ్రిటన్‌లో అయితే వారికంటే ముందుగా, అభ్యుదయవాదులు ఉన్నారు. వారిలో బడిపంతుళ్లు కూడా ఉన్నారు. ఈ చరిత్రను మనం ఒకసారి పరిశీలించుకోవలసిన అవసరం ఉంది.

అవసరం ఇప్పుడే ఎందుకు వచ్చిందో చెబుతాను. ఉప్పల్ ప్రాంతంలోని ఒక ప్రైవేటు బడిలో ఈ మధ్య గ్రంథాలయం బీరువాలోంచి పాత చందమామ బైండ్లనూ, కొన్ని బొమ్మల కథల పుస్తకాలనూ తీసేశారు. దయ్యాల కథలు చదివి పిల్లలు రాత్రిళ్లు భయపడుతున్నారని ఒకరిద్దరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారట. యాజమాన్యం సంగతి అలా ఉంచుదాం. శాస్త్రీయ దృక్పథం పేరుతో మన మిత్రులు కొందరు దీన్ని సమర్థించారు. మూఢనమ్మకాలు పెంచే పుస్తకాలు పిల్లలకు అందకపోవడమే మంచిదన్నారు. అక్కడితో ఆగక, ఇలాంటి వాటిని అరికట్టమని ప్రభుత్వాన్నే కోరదామన్నారు. వారి ఉద్దేశాన్ని నేను శంకించను. వారు చూపే దారిని మాత్రం ఒప్పుకోలేను.

నేను చాలా ఏళ్లుగా ఈ పుస్తకాలు సేకరిస్తున్నాను. ఉప్పల్ రింగురోడ్డు దగ్గరా, హబ్సిగూడ నుంచి నాచారం మీదుగా మల్లాపూర్ వెళ్లే దారిలోనూ ఉన్న పాత పేపర్ల కొట్లే నాకు ప్రధానమైన ఆధారం. వాటి తర్వాతే ఆదివారం నాటి అబిడ్స్ పేవ్‌మెంట్లు, కోఠీ. ఉప్పల్ చుట్టుపక్కల సర్వే ఆఫ్ ఇండియా, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. నాచారంలో పారిశ్రామికవాడ ఉంది. అనేక రాష్ట్రాల నుంచి ఉద్యోగులూ కార్మికులూ వచ్చి స్థిరపడిన చోటు గనుక ఇక్కడి చిత్తుకాగితాల మూటల్లో తెలుగు చందమామ పక్కనే ఇంగ్లీషు ఇంద్రజాల్ కామిక్స్, హిందీ అమర్ చిత్రకథలు కనిపిస్తాయి. ఇల్లు మారినప్పుడో, పెద్దవాళ్లు పోయినప్పుడో ఇవి తూకానికి వస్తాయి. నాలుగు రోజులు ఆలస్యమైతే అట్టల మిల్లుకు పోతాయి. కొట్ల వాళ్లు నన్ను ఎరుగుదురు గనుక "బొమ్మల బుక్కులు వచ్చినయి సార్, చూస్తరా?" అని కబురు పెడతారు.

దీన్ని పాత వస్తువుల మీది మోజుగా తీసిపారేసేవారున్నారు. కాని ఒక పుస్తకం పిల్లల్ని చెడగొట్టిందని ఎవరైనా అన్నప్పుడు, ఆ పుస్తకం మన చేతిలో ఉంటేనే ఆ మాట నిజమో కాదో తేల్చగలం. లేకపోతే నేరం మోపినవాడు కత్తిరించి చూపించిన నాలుగు బొమ్మలే మనకు దిక్కవుతాయి. అందుకే కామిక్స్‌తోపాటు కామిక్స్‌ను ఖండించిన పుస్తకాలనూ వెతుకుతాను.

ఆ ఖండన గ్రంథాల్లో అన్నిటికంటే పేరు మోసింది మనస్తత్వ వైద్యుడు ఫ్రెడరిక్ వెర్థామ్ 1954లో అచ్చువేసిన 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్'. దాని మొదటి ముద్రణ చివర తాను తప్పుపట్టిన కామిక్స్ ప్రచురణకర్తల పేర్ల పట్టిక ఉండేది. ఆ కాగితాన్ని అనేక ప్రతుల్లోంచి కోసేసి అమ్మారు. కోయకుండా మిగిలిన ప్రతికి సేకర్తల మార్కెట్లో ధర ఎక్కువ. అంతకంటే విచిత్రం, ఆయన ఖండించిన కామిక్స్ సంచికలకు కూడా ఆ ఖండన వల్లే ధర పెరిగింది. అమెరికాలో అమ్మకందారుల ధరల పుస్తకాలు 'వెర్థామ్ ప్రస్తావించినది' అని ప్రత్యేకంగా గుర్తుపెడతాయి. నేరారోపణ పత్రం కొనుగోలుదారుల జాబితాగా మారింది.

వెర్థామ్ ఛాందసుడేమీ కాడు. 1946లో న్యూయార్క్ హార్లెంలో, ఒక చర్చి నేలమాళిగలో, నల్లజాతి పేదల కోసం మానసిక వైద్యశాల నడిపినవాడు. రోగి దగ్గర 25 సెంట్లు తీసుకునేవారు. లేకపోతే అదీ లేదు. దానికి మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ ఇంటిపేరే పెట్టారు. రచయిత రిచర్డ్ రైట్ దానికి అండగా నిలిచాడు. బడుల్లో వర్ణవివక్ష పిల్లల మనసులకు చేసే హాని గురించి వెర్థామ్ కోర్టులో చెప్పిన సాక్ష్యం, 1954లో అమెరికా సుప్రీంకోర్టు వివక్షను కొట్టేసిన తీర్పుకు దారితీసిన కేసుల్లో ఒకదానికి ఆధారమైంది. అటువంటి మనిషి కామిక్స్‌లోని జాతివిద్వేషాన్నీ, హింసనూ చూసి మండిపడటం సహజం.

అయితే ఆయన పద్ధతి ఏమిటి? ఆయన మరణించాక చాలా కాలానికి, 2010లో, ఆయన కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. వాటిని పరిశీలించిన కెరొల్ టిల్లీ అనే పండితురాలు 2012లో తన ఫలితాలు ప్రకటించింది. పిల్లలు చెప్పిన మాటలను వెర్థామ్ మార్చాడనీ, కొన్ని వివరాలను దాచాడనీ ఆమె ఆధారాలతో చూపింది. ఉద్దేశం ఎంత మంచిదైనా సాక్ష్యాన్ని వంచిన విమర్శ విమర్శ కాదు.

ఫలితం ఇంకా ఘోరం. వెర్థామ్ కోరింది పిల్లలకు అమ్మకూడదనే చట్టం. దాన్ని తప్పించుకోవడానికి 1954లోనే ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి రాసుకుని, దాని అమలుకు ఒక పరిశీలకుణ్ణి పెట్టుకున్నారు. నడిచే శవాలు, రక్తపిశాచాలు నిషిద్ధం. శీర్షికలో 'హారర్' అన్న మాటా నిషిద్ధం. ఈ నియమావళి దెబ్బకు కుదేలైన సంస్థల్లో ఇ.సి. కామిక్స్ ఒకటి. ఆ సంస్థ 1953లో 'జడ్జిమెంట్ డే' అనే కథ వేసింది. నారింజ రంగు యంత్రమానవులు నీలం రంగు వారిని అణచివేసే ఒక గ్రహానికి భూమి నుంచి పరిశీలకుడు వెళతాడు. ఇంత వివక్ష ఉన్న మీకు విశ్వ గణతంత్రంలో చోటు లేదని చెప్పి తిరిగివస్తాడు. చివరి బొమ్మలో శిరస్త్రాణం తీస్తే అతను నల్లజాతి మనిషి. 1956 నాటి సంచికలో ఈ కథను మళ్లీ వేయబోతే నియమావళి పరిశీలకుడు అభ్యంతరం చెప్పాడు: అతను నల్లవాడు కాకూడదట! ప్రచురణకర్త విలియం గేన్స్ లొంగకుండా యథాతథంగా అచ్చువేశాడు. ఆ సంస్థ కామిక్స్ పుస్తకాల్లో అదే ఆఖరిది. హార్లెం పేదలకు వైద్యం చేసిన డాక్టరు లేవదీసిన గాలి, వర్ణవివక్షను ఎదిరించిన కథ మీదికే వచ్చిపడింది.

బ్రిటన్ కథ మనకు మరీ దగ్గరిది. మార్టిన్ బార్కర్ 1984లో 'ఎ హాంట్ ఆఫ్ ఫియర్స్' అనే పుస్తకంలో దాన్ని విప్పి చూపాడు. అమెరికన్ కామిక్స్‌కు వ్యతిరేకంగా అక్కడ మొదట కదిలినవారిలో బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ సభ్యులు ముఖ్యులు. బ్రిటిష్ సంస్కృతికి అమెరికా ముప్పు అనే అంశం మీద 1951లో ఆ పార్టీ సదస్సే జరిపింది. సామ్రాజ్యవాదం సైన్యంతోపాటు కాగితం మీద కూడా వస్తుందని వారు చెప్పింది అబద్ధం కాదు. అయితే ఉద్యమాన్ని విస్తృతం చేసే పేరుతో చర్చి పెద్దలతోనూ, ఉపాధ్యాయ సంఘాలతోనూ కలిసి నడిచే క్రమంలో సామ్రాజ్యవాదం అన్న మాట మెల్లగా జారిపోయింది. దాని చోట పిల్లల నైతిక పతనం, బీభత్సం అన్న మాటలు వచ్చాయి. 1955 చట్టంలోకి ఎక్కినవి ఈ రెండో రకం మాటలే. బీభత్స కామిక్స్ పోయాయి. మూడేళ్లకే, 1958లో, యుద్ధాన్ని వీరగాథగా చూపే 'వార్ పిక్చర్ లైబ్రరీ' మొదలైంది. దానికి ఏ అడ్డూ రాలేదు. అవి నాచారం మూటల్లో ఇప్పటికీ దొరుకుతాయి.

మన పార్లమెంటు 1956లో చేసిన 93వ చట్టం హానికర ప్రచురణల నుంచి యువతను కాపాడటానికి ఉద్దేశించింది. నేరాలు, హింస, క్రూరత్వం, జుగుప్స లేదా భయం కలిగించే సంఘటనలు ప్రధానంగా ఉండి, మొత్తం మీద చదివేవారిని చెడగొట్టే ప్రచురణ హానికరమని దాని నిర్వచనం. ఇందులో మాటలు చాలావరకు బ్రిటిష్ చట్టానివే. తేడాలు రెండున్నాయి, రెండూ గమనించదగ్గవి. బ్రిటిష్ చట్టం బొమ్మల కథలకు పరిమితం. మనది బొమ్మలు ఉన్నా లేకపోయినా వర్తిస్తుంది. అంటే ఏ నవలనైనా దీని కిందికి తేవచ్చు. రెండోది వయసు. మన చట్టంలో 20 ఏళ్ల లోపు వారంతా రక్షణ అవసరమైనవారే. నాచారం షెడ్లలో యంత్రాల దగ్గర పన్నెండేసి గంటలు నిలబడే 19 ఏళ్ల కుర్రవాణ్ణి ఆ యంత్రాల నుంచి కాపాడటం కంటే పుస్తకం నుంచి కాపాడటం పాలకులకు సులభమనిపించింది కాబోలు! శిక్ష ఆరునెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రాష్ట్ర ప్రభుత్వం తన న్యాయాధికారిని సంప్రదించి, ఒక గెజిట్ ప్రకటనతో ప్రతులన్నిటినీ జప్తు చేయవచ్చు. బాధితుడు ఆ తర్వాత 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లాలి.

ఈ జల్లెడలో ఏది ఆగుతుంది, ఏది జారిపోతుందో నా దగ్గరున్న పుస్తకాలతోనే చూద్దాం. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ తెలుగు పాఠకులకు పరిచయమే. శ్మశానం, కత్తి, భుజాన శవం. అక్షరాలా చదివితే ఇది భయం కలిగించే సంఘటనే. అమెరికా నియమావళి ప్రకారమైతే బేతాళుడికి అసలు ప్రవేశమే లేదు. దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' మొదలుకొని రాసిన మాంత్రికుల సీరియళ్ల సంగతి చెప్పనక్కరలేదు. ఇక రెండో వైపు, 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ చూడండి. అందులో ఫాంటమ్ అనే తెల్లవాడు తరతరాలుగా నల్లవారి అడవికి రక్షకుడు, న్యాయమూర్తి. మూలంలో భారతీయ పేర్లను తలపించే కొన్నిటిని మన ప్రచురణకర్తలు మార్చారు. దేశం పేరు డెంకాలీ అయింది. తెల్ల రక్షకుడు మాత్రం అలాగే ఉన్నాడు. చట్టం నిర్వచనంలో జాతి గురించి ఒక్క ముక్క లేదు. 1967లో మొదలైన అమర్ చిత్రకథల్లో దేవతలు తెల్లగా, అసురులు నల్లగా ఎందుకుంటారని అడగడానికి ఆ చట్టంలో వీలు లేదు. కులం గురించీ అంతే. అంటే మనం వ్యతిరేకించవలసినవి జారిపోతాయి. కేవలం భయపెట్టేవి పట్టుబడతాయి.

ఇంకో సంగతి. ఆ చందమామను తీర్చిదిద్దిందెవరు? 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా అక్కడ పనిచేసినవాడు కొడవటిగంటి కుటుంబరావు. 1970లో విప్లవ రచయితల సంఘం వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. శాస్త్రీయ దృక్పథం గురించి తెలుగులో ఆయనంత విస్తారంగా రాసినవారు తక్కువ. ఆ చేత్తోనే ఆయన బేతాళ కథలనూ నడిపించాడు. కథలోని దయ్యాన్ని కథగా చదివే తెలివి పిల్లలకు ఉంటుందని ఆయనకు తెలుసు. శవం అడిగే చిక్కుప్రశ్నకు రాజు తర్కంతో జవాబు చెప్పాలి. ఆ కథలు చదివిన పిల్లలు దయ్యాన్ని నమ్మడం కంటే న్యాయాన్యాయాలను వాదించడం ఎక్కువగా నేర్చుకున్నారని నేను అనుకుంటాను. బడి బీరువాలోంచి తీసేసింది ఈ పుస్తకాలనే.

మరి చెడ్డ పుస్తకాన్ని ఊరికే వదిలేయాలా అని మిత్రులు అడగవచ్చు. అక్కరలేదు. 1980ల మొదట్లో యండమూరి 'తులసిదళం' చేతబడిని సంచలనంగా అమ్ముకున్నప్పుడు రంగనాయకమ్మ ఏం చేసింది? 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని పుస్తకానికి పుస్తకంతోనే జవాబు చెప్పింది. ఆ నవల ఏం చెబుతోందో, అది ఎందుకు హానికరమో పాఠకుడి ముందు వాదించింది. ఆమె తీర్పుతో ఏకీభవించని వారికి కూడా ఆ వాదన అందుబాటులో ఉంది. జప్తు ఉత్తర్వులో అలాంటి చర్చకు తావు లేదు.

జప్తు ఆయుధం ఎవరి మీద తిరుగుతుందో తెలుగువారికి వేరే చెప్పాలా? ఉన్నవ 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం 1923లోనూ, మళ్లీ 1936లోనూ నిషేధించింది. విరసం తొలి కవితా సంకలనాల్లో ఒకటైన 'ఝంఝ' స్వతంత్ర భారతంలోనే నిషేధానికి గురైంది. వాటికి వాడిన చట్టాలు వేరు కావచ్చు. ప్రజలను చెడగొట్టే పుస్తకమేదో తేల్చే అధికారం సచివాలయానిదే అన్న సూత్రం ఒకటే. దయ్యాల కథల విషయంలో ఆ సూత్రాన్ని మనమే ఒప్పుకుంటే, రేపు మన కవిత్వం దగ్గర దాన్ని కాదనే హక్కు మనకు మిగలదు.

అందుచేత సంఘం చేయవలసిన పని వేరే ఉంది. ఆ బడి బీరువాలోకి పుస్తకాలు తిరిగి చేరాలని మనం అడగాలి. మన పత్రికల్లో పిల్లల పుస్తకాలకు, బొమ్మల కథలకు క్రమం తప్పకుండా సమీక్షలు రావాలి. బుజ్జాయి లాంటి తెలుగు బొమ్మల కథకుడు 2022లో పోయినప్పుడు మన విమర్శ ఆయన గురించి రాసింది ఎంత? ఇక తరగతి గదిలో పంతులు చేయగలిగింది ఎక్కువే. నేను తొమ్మిదో తరగతి పిల్లల చేతికి ఫాంటమ్ పుస్తకమిచ్చి, ఆ అడవిలో అంతమంది ఉండగా నాయకుడు ఆ ఒక్కడే ఎందుకయ్యాడని అడుగుతాను. ఒకసారి ఒక అమ్మాయి, "కథ రాసింది వాళ్లోళ్లే కదా సార్" అంది. పుస్తకాన్ని దాచేస్తే ఆ మాట ఆ పిల్ల నోట వచ్చేది కాదు.