కూలి యిచ్చిన చేయి

సేవకుని ప్రసంగము సంఘము వినును; అతని అంతరంగము దేవుడెరుగును.

1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు తీసికొని, వేలాది పేదలకు కూలి కల్పించిరి. అనేకులు బాప్తిస్మమడిగిరి. కూలికొరకు విశ్వసించెదరేమోయని ఆయన నెలల తరబడి ఎవరికిని ఇయ్యలేదు.

1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు అలసినప్పుడు ఇద్దరు దిగిరి. దొరగారు ఒడ్డుననే యుండిరి.

ఆ సంఖ్యను లోకము మెచ్చినది. అంతకుముందు ఆయన ఓర్చుకొనిన నెలలను ఎవరు మెచ్చిరి? సేవకుని నిజము తేలినది అక్కడనే. సంఘపెద్దలారా, నేడు మన చేతిలో బియ్యముగాని ఉద్యోగముగాని యున్నయెడల, దానితో ఎవరి విశ్వాసమునైనను కొనుచున్నామా? పరీక్షించుకొందము.