పుంజుపిల్లలు తేల్చిన జొన్న గుట్టు

1995లో దక్కన్ పీఠభూమి పల్లెలు కొన్నింటిలో జనానికి ఒక్కసారిగా కడుపునొప్పి, పేగుల్లో గుడగుడ, విరేచనాలు పట్టుకున్నాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 50 ఊళ్లు తిరిగితే 27 ఊళ్లలో అదే జబ్బు. జబ్బుపడిన వాళ్లంతా అకాల వర్షానికి తడిసి బూజుపట్టిన జొన్నలు గానీ మొక్కజొన్నలు గానీ తిన్నవాళ్లే. అనుమానం గింజ మీదికి పోయింది. దాన్ని తేల్చుకోవడానికి శాస్త్రవేత్తలు ఎంచుకున్న సాక్షులు గుడ్డులోంచి బయటపడి ఒక్కరోజయిన పుంజుపిల్లలు! ఆ ఇళ్ల గింజలు మేపితే వాటికీ విరేచనాలు పట్టుకున్నాయి.

పరికరాలు ఆ తర్వాత విషానికి పేరు చెప్పాయి: ఫ్యూమోనిసిన్. ఫ్యుజేరియం అనే బూజు దాన్ని పుట్టిస్తుంది. ఆ ఇళ్ల నుంచి తెచ్చిన 20 జొన్న నమూనాల్లోనూ, 12 మొక్కజొన్న నమూనాల్లోనూ అది ఉంది. కిలోకి జొన్నలో 7.8 మిల్లీగ్రాముల దాకా, మొక్కజొన్నలో 64.7 మిల్లీగ్రాముల దాకా కనబడింది. జబ్బులేని ఇళ్ల గింజల్లో ఉన్నది అతి స్వల్పం. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఈ విషాన్ని 1988లో వేరుచేసి లోకానికి చూపించారు. ఏడేళ్లకే అది మన సంగటిలో దొరికింది.

గింజ మంచిదో కాదో తేల్చడానికి జంతువుల్ని నమ్ముకోవడం హైదరాబాదులో మొదలైన పద్ధతి కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు రాలిపోయాయి. కారణం వెతుక్కుంటూ పోతే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి దగ్గర ఆగింది. ఆ పిండిలో దాగున్నది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ బూజు వదిలే అఫ్లాటాక్సిన్. అతినీలలోహిత కాంతి పడితే నీలంగా, ఆకుపచ్చగా వెలిగే ఈ విషాన్ని పసిగట్టడానికి మొదట్లో ఒక్కరోజు బాతుపిల్లల కాలేయాలే ఆధారం.

అంతకుముందు శతాబ్దాల్లో ప్రయోగశాల అంటే చేట, కన్ను, ముక్కు, పన్ను. ఎమ్మిగనూరు, ఆదోని నల్లరేగడి సీమలో జొన్నను పాతరలో దాచేవాళ్లు. నేలలో గొయ్యి తవ్వి, గోడలకు గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టితో మూసేస్తే లోపలి ప్రాణవాయువు తరిగిపోయి పురుగు చస్తుంది. పాతర తెరిచాక వెంటనే దిగేవాళ్లు కాదు. దీపం దించి చూసేవాళ్లు. దీపం ఆరితే మనిషి దిగకూడదు. తొందరపడి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ కట్టుబాటు.

పాతర పోయింది, దాంతోపాటు గింజను చూసే కన్ను కూడా పలచబడింది. అంతకంటే పెద్ద నష్టం చేలోనే జరిగింది. పాత జొన్నల్లో చాలా రకాలు పగలు పొట్టిబడేదాకా పూతకు వచ్చేవి కావు. వానలు వెనకబట్టాక, పొడి గాలిలో గింజ ముదిరేది. 1964లో దేశపు తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది. దిగుబడి పెరిగింది, ఆకలి తీరింది, ఆ మేలు చిన్నది కాదు. కానీ త్వరగా పండే ఖరీఫ్ రకాలు వానల్లోనే కంకి మీదికి వచ్చి, గింజబూజుకు చిక్కాయి. ఎండకోసం ఆగే గుణాన్ని వదులుకుని, గింజ మంచిచెడ్డలు చూసే పని ప్రయోగశాలకు అప్పగించాం. ప్రయోగశాల మాత్రం కల్లానికి చేరలేదు.

చేరకపోతే ఏమవుతుందో 1974 చెప్పింది. రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో మొక్కజొన్నే తిండిగా బతికే గిరిజనుల ఇళ్లలో కామెర్లు, జలోదరం. మనుషుల కూడు తిన్న కుక్కలకూ అవే లక్షణాలు, అదే చావు. హైదరాబాదు నుంచి పోషకాహార సంస్థ బృందం కదిలింది. కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేష్ భట్ తదితరులు 1975లో ‘లాన్సెట్’ పత్రికలో రాసిన లెక్క: 397 మందికి జబ్బు, 106 మంది మృతి. కోతల ముందు అకాల వర్షం, తడి కంకులు, గాలాడని నిల్వ. గింజలో కిలోకి 6.25 నుంచి 15.6 మిల్లీగ్రాముల అఫ్లాటాక్సిన్. కల్తీ నిరోధక చట్టం అమల్లో ఉన్నప్పుడు మన దేశం పెట్టుకున్న హద్దు కిలోకి 30 మైక్రోగ్రాములు, అంటే 0.03 మిల్లీగ్రాములుగా ఉండేది.

పటాన్‌చెరులో 1972లో పుట్టిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, విషాన్ని కొలిచే ఎలీసా పరీక్షను తర్వాత చవక చేసింది. ఇందులోనూ జంతువే దిక్కు: విషాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు తయారయ్యేది కుందేలు ఒంట్లో. గింజల సారంలో వాటిని కలిపితే రంగు ఎంత వచ్చిందో చూసి విషం మోతాదు చెప్పొచ్చు.

పరీక్ష ఇంత దగ్గరికి వచ్చినా అది ఎవరి గింజకు జరుగుతోంది? యూరప్‌కి పోయే వేరుశనగకు. నేరుగా తినే పప్పులో కిలోకి 4 మైక్రోగ్రాములు దాటితే వాళ్లు రానివ్వరు కాబట్టి ప్రతి సరుకుకూ పత్రం కావాలి. అమ్ముడుపోక ఇంట్లో మిగిలిన తడిసిన జొన్నకు పత్రం అడిగేవాడు లేడు. ఇది అన్యాయం. కోతల్లో వాన పడిన ఏడాది ఆదోని, ఎమ్మిగనూరు మార్కెట్ యార్డుల్లోనే గింజ నమూనా తీసి, జబ్బు రాకముందే ఫలితం ఊళ్లకు చెప్పాలి.

అందాకా ఇంటివాళ్లు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. అఫ్లాటాక్సిన్ ఉడికిస్తే పోదు, రొట్టె కాలిస్తే పోదు. బూజు గింజను పాడి గేదెకు పెట్టినా ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది.