ఇంజన్లో లేని గది

పాత డీజిల్ ఇంజన్ల పిచ్చి ఉన్నవాళ్ళకి డబ్ల్యూడీఎం-2 అడ్డుకోత పటం ఒక భగవద్గీత లాంటిది. ఎడమవైపు నుంచి చదువుకుంటూ పోతే ముందు ముక్కు గది, దాని వెనక డ్రైవరు క్యాబు, తర్వాత జనరేటరు గది, పదహారు సిలిండర్ల ఇంజను, గాలి నొక్కే పనీ శూన్యం చేసే పనీ రెండూ చేసే ఎక్స్‌ప్రెసర్, చివర రేడియేటర్. కింద 5,000 లీటర్ల ఆయిల్ ట్యాంకు. ఇసక్కి కూడా పెట్టెలున్నాయి, పట్టాల మీద చక్రం జారితే చల్లడానికి. 112 టన్నుల పైచిలుకు బరువున్న ఈ యంత్రంలో గాలికీ నీళ్ళకీ నూనెకీ ఇసక్కీ అన్నిటికీ చోటుంది. నడిపే ఇద్దరు మనుషులు ఒంటికి వెళ్ళడానికి మాత్రం లేదు.

ఇది చిన్న విషయం అనిపించొచ్చు. నాకూ మొదట్లో నవ్వులాటగానే ఉండేది. కానీ నేను రోజూ చేసే పని సాఫ్ట్‌వేర్ డిజైన్. అందులో ఒక పాఠం త్వరగానే వంటబడుతుంది: డిజైన్లో ఏముందో చూస్తే దాని పని తెలుస్తుంది, ఏం లేదో చూస్తే దాన్ని గీసినవాళ్ళ లెక్క తెలుస్తుంది. ఆ లెక్కని కొవ్వూరు మీదుగా చదవడానికి ఒక ప్రయత్నం ఈ వ్యాసం.

ప్రయాణికుల మరుగుదొడ్డికి మనదేశంలో ఒక పురాణం ఉంది. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు అహ్మద్‌పూర్ స్టేషన్లో రైలు దిగి చెంబట్టుకుని వెళ్తే, ఈలోపు గార్డు విజిలేశాడట. ఒక చేత్తో చెంబూ ఇంకో చేత్తో పంచా పట్టుకుని పరిగెత్తి, ప్లాట్‌ఫారం మీద జనమంతా చూస్తుండగా పడ్డాడట. ఆయన రైల్వేకి రాసిన కోపపు ఉత్తరం వల్లే కింది తరగతి పెట్టెల్లో దొడ్లు వచ్చాయంటారు. ఒక్క ఉత్తరానికే రైల్వే కదిలిపోయిందంటే నాకు నమ్మబుద్ధి కాదు గానీ, కథ మాత్రం నిలబడింది. టిక్కెట్టు కొన్నవాడు కాబట్టి అడగ్గలిగాడు. మరి ఆరోజు ఆ రైలింజను మీదున్న డ్రైవరు సంగతేంటి? అతని ఉత్తరం ఏ మ్యూజియంలోనూ లేదు.

ఆవిరి రోజుల్లో ఆ ఉత్తరం అంత అవసరపడి ఉండదేమో కూడా. ఎందుకంటే అప్పుడు ఇంజనుకే దాహం ఎక్కువ. వంద, నూటయాభై కిలోమీటర్లకోసారి ఆగి నీళ్ళు తాగాలి. బూడిద దులపాలి, నిప్పు సర్దాలి, కీళ్ళకి నూనె పోయాలి. పది, పదిహేను నిమిషాలు ఆగితే డ్రైవరూ ఫైర్‌మన్లూ వంతులవారీగా దిగేవాళ్ళు. వాళ్ళ పని నరకం, అందులో సందేహం లేదు. పొయ్యి ముందు నిలబడి పారలతో బొగ్గెయ్యడం. కానీ యంత్రం ఆగాల్సి వచ్చేది కాబట్టి మనిషికీ ఆగే వీలు దొరికేది. విరామాన్ని ఇచ్చింది ఏ రూలూ కాదు, బాయిలరు.

కొవ్వూరు దగ్గర ఇంకో రకం విరామం కూడా ఉండేది. అది గోదావరి ఇచ్చింది.

ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ఇటువైపు లైను వేసింది 1893-96 మధ్య. అప్పటికి వంతెన లేదు. బెజవాడ నుంచి వచ్చిన బండి కొవ్వూరులో ఆగిపోవాల్సిందే. జనం పడవల మీద రాజమండ్రి చేరి అవతల ఇంకో బండి ఎక్కేవాళ్ళు. 1900లో హేవలాక్ బ్రిడ్జి వచ్చింది. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. 56 స్పాన్ల ఇనప వంతెన, కానీ దాని మీద ఉన్నది ఒకటే లైను. అటునుంచి బండొస్తుంటే ఇటుది ఆగాలి. అంటే ముక్కాలు శతాబ్దం పాటు కొవ్వూరు అనేది డ్రైవర్లకి ఎదురుచూసే ఊరు. సిగ్నల్ పడేదాకా దిగి కాళ్ళు చాపుకోవచ్చు, టీ తాగొచ్చు, చెట్టు చాటుకి వెళ్ళిరావొచ్చు.

1974లో పైన రోడ్డు, కింద రైలు ఉన్న రెండో వంతెన వచ్చింది. ఒక వంతెన పోయే బళ్ళకి, ఒకటి వచ్చే బళ్ళకి. 1997లో కాంక్రీటు విల్లుల వంతెన వచ్చి హేవలాక్‌కి విశ్రాంతి ఇచ్చింది. గోష్పాద క్షేత్రం మెట్ల మీద నిలబడి ఈ వంతెనల్ని చూస్తూ అభివృద్ధి అనుకుంటాం. అభివృద్ధే. కానీ ప్రతి వంతెనతోనూ కొవ్వూరులో ఆగే సమయం కొంత కొంత కరిగిపోయింది. ఇవాళ చాలా ఎక్స్‌ప్రెస్‌లకి కొవ్వూరంటే హారన్ కొట్టి దాటిపోయే ఒక పసుప్పచ్చ బోర్డు.

ఆ మధ్యలో వచ్చింది డీజిల్. అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి 1962లో మొదటి డబ్ల్యూడీఎం-2లు దిగాయి. 1964 జనవరి నుంచి వారణాసిలో మనమే కట్టడం మొదలెట్టాం. 2,600 హార్స్‌పవర్. ఓసారి ట్యాంకు నింపితే విజయవాడ నుంచి విశాఖ వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చేయగలదు. విజయవాడ-విశాఖ లైనుకి కరెంటు తీగలు వచ్చింది 1990ల రెండో సగంలో. కాబట్టి మన చిన్నప్పటి కోరమాండల్ (1977లో మొదలైంది), సర్కార్, మెయిలు అన్నిటినీ గోదావరి దాటించింది ఈ డీజిళ్ళే. నల్ల పొగ, ఆ "గుడగుడ" అనే ఐడిల్ చప్పుడు, ఆగి బయల్దేరేటప్పుడు ఒళ్ళు జలదరించే మోత. మాలాంటి రైలు పిచ్చోళ్ళు ఇప్పటికీ ఆ చప్పుడుని ఫోన్లలో దాచుకుని వింటారు.

ఆ ఇంజనుకి దాహం లేదు. కాబట్టి మనిషికీ ఉండకూడదు.

ఇక్కడే ఒక విడ్డూరం ఉంది. అమెరికాలో ఈ రకం ఇంజన్లకి ముందున్న పొట్టి ముక్కులో చాలాసార్లు సిబ్బంది దొడ్డి ఉండేది. అదేమంత రాజభోగం కాదు, కంపు గురించి అక్కడి డ్రైవర్ల తిట్లు వాళ్ళకున్నాయి. 2002లో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ముందు నడిచే ఇంజన్లో పనిచేసే దొడ్డి ఉండాలని, అది శుభ్రంగా ఉండాలని రూలే పెట్టింది, కొన్ని మినహాయింపులతో. మనకి ఆ యంత్రం వచ్చింది, దాని లైసెన్సు వచ్చింది, విడిభాగాల కేటలాగు వచ్చింది. ఆ గది మాత్రం రాలేదు. మన ముక్కు గదిలో యంత్రానికి కావాల్సిన సామానే సర్దుకుంది. కావాలని ఎవరో పెన్సిల్‌తో కొట్టేశారని నేననను. ఇక్కడ ఎవరికీ అది లోటుగా కనపడలేదు, అంతే. కొట్టెయ్యడం కంటే అది పెద్ద సంగతి.

మరి ఆ రోజుల్లో ఏం చేసేవాళ్ళు? మా బంధువుల వీధిలో ఒక రిటైరైన డ్రైవరు ఉన్నారు. "బాబాయ్ గారూ, అప్పట్లో ఎలాగండీ?" అని అడిగాను.

"ఏవుంది బాబూ, డ్యూటీ ఉందంటే పొద్దున్నుంచీ నీళ్ళు తగ్గించేసేవోళ్ళం. ఎండాకాలం క్యాబులో కూకుంటే ఒళ్ళంతా చెవటే. ఇంక ఒంటికి రావడం ఎక్కడ? గూడ్సు అయితే లూపులో పడేస్తాడు, దిగొచ్చు. మెయిలు బండి అయితే మరి... ఆయ్, తలుపు దగ్గర నిలబడ్డవే."

"మరి రెండుకి?"

"దణ్ణం పెట్టుకోవడవే," అని నవ్వేశారు. ఆ నవ్వులో ఫిర్యాదు లేదు. నన్ను కుదిపింది అదే. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అది అడగదగ్గ విషయం అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నీళ్ళు తాగకుండా, వచ్చింది ఆపుకుంటూ ఏళ్ళ తరబడి పనిచేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్లూ, కిడ్నీలో రాళ్ళూ వస్తాయని డాక్టర్లు చెప్తూనే ఉన్నారు.

"స్టేషన్లో ఆగుతుంది కదా, దిగొచ్చుగా" అంటారు కొందరు. లెక్క చూడండి. ఇరవై నాలుగు పెట్టెల బండి అరకిలోమీటరు దాటి ఉంటుంది. ఇంజను ప్లాట్‌ఫారం కొసన ఆగుతుంది, దొడ్లు మధ్యలో ఉంటాయి. ఆగేది రెండు నిమిషాలు. ఆలస్యమైతే నిమిషానికి నిమిషం జవాబు చెప్పుకోవాలి.

పని గంటల మీద డ్రైవర్లు ఊరుకోలేదు. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీ హామీ సాధించారు. మరుసటేడు మే నెలలో దేశమంతా ఆగిపోయిన రైల్వే సమ్మె మనందరికీ తెలిసిందే. గంటల గురించి కొట్లాడొచ్చు, జీతం గురించి కొట్లాడొచ్చు. ఒంటికి వెళ్ళడం గురించి నినాదం రాయడం కష్టం. సిగ్గు అనేది యాజమాన్యానికి ఖర్చులేని కాపలాదారు.

యంత్రం మాత్రం తన కాపలా తాను పెంచుకుంటూ పోయింది. ఇప్పటి ఇంజన్లలో విజిలెన్స్ పరికరం ఉంటుంది. దాదాపు 60 సెకన్ల పాటు లోకో పైలట్ ఏ మీటా ముట్టకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత మోత మోగుతుంది, అప్పటికీ కదలిక లేకపోతే బ్రేకులు పడిపోతాయి. మా భాషలో దీన్ని వాచ్‌డాగ్ టైమర్ అంటాం. ప్రాణాలు కాపాడే మంచి పరికరం, నాకు దానితో పేచీ లేదు. కానీ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి: మనిషి నిమిషంసేపు కదలకపోతే కనిపెట్టే ఏర్పాటు ఉంది, మనిషి ఐదు నిమిషాలు లేవాల్సి వస్తుందని ఊహించిన ఏర్పాటు లేదు. ఆ పటంలో అతనూ ఒక విడిభాగమే.

ఈ సిగ్గు గోడకి బీటలు తెచ్చింది ఎక్కువగా ఆడవాళ్ళు. 1980ల చివర్లో సురేఖా యాదవ్ ఇంజనెక్కారు. ఇప్పుడు మహిళా లోకో పైలట్లు రెండువేల పైమాటే. "తలుపు దగ్గర నిలబడ్డవే" అన్న ఉపాయం వాళ్ళకి లేదు. నెలసరి రోజుల్లో సంగతి చెప్పక్కర్లేదు. మగవాళ్ళు నవ్వుతో దాటేసిన ప్రశ్న వాళ్ళు రాగానే దాటెయ్యలేని ప్రశ్న అయింది. 2016 మేలో అప్పటి రైల్వే మంత్రి సురేశ్ ప్రభు దొడ్డి ఉన్న ఇంజన్ని ప్రారంభించినప్పుడు, మనదేశంలో రైలు మొదలై 163 ఏళ్ళయింది. తర్వాత మాధేపురాలో తయారైన 12,000 హార్స్‌పవర్ల కరెంటు ఇంజన్లలో ఆ గది డిజైన్లోనే ఉంది. ఉండాలనుకుంటే పడుతుందన్నమాట.

మిగతావాటి సంగతి? 2025 ఏప్రిల్లో రైల్వే శాఖ చెప్పిన లెక్క ప్రకారం 7,075 ఇంజన్లలో ఏసీ క్యాబులున్నాయి. నీళ్ళు అక్కర్లేని మూత్రశాలలు 883 ఇంజన్లలో ఉన్నాయి. దేశంలో ఉన్న ఇంజన్లు పదిహేను వేలకి అటూఇటూ. అదే నెలలో భోజనానికీ కాలకృత్యాలకీ విరామాన్ని రూలుగా పెట్టడం ఆచరణలో కుదరదని రైల్వే బోర్డు తేల్చింది. బాయిలరు అడిగితే ఆగిన బండి, మనిషి అడిగితే ఆగదు.

ఇంకో మాట. గోదావరి మీద బండి వెళ్తుంటే మనం కిటికీలోంచి రూపాయి వేసి దణ్ణం పెట్టుకుంటాం. బయో టాయిలెట్లు వచ్చేదాకా అదే బండిలోని దొడ్లన్నీ తిన్నగా అదే నదిలోకి తెరుచుకునేవి. ఇరవై పెట్టెల జనం నిశ్చింతగా గోదారమ్మని మైల పరుస్తూ దాటుతుంటే, ముందు ఇంజన్లో ఇద్దరు మనుషులు బిగబట్టుకుని వాళ్ళని దాటించేవాళ్ళు. నది పవిత్రతని కాపాడిన ప్రయాణికులు ఎవరైనా ఉంటే వాళ్ళిద్దరే.

డబ్ల్యూడీఎం-2లు దాదాపు అన్నీ రిటైరైపోయాయి. కొన్నిటికి రంగులేసి స్టేషన్ల ముందూ మ్యూజియాల్లోనూ దిమ్మల మీద నిలబెట్టారు. పక్కనే పలక మీద బరువు, హార్స్‌పవరు, కట్టిన ఏడాది రాసి ఉంటాయి. మేమంతా వెళ్ళి ఫోటోలు తీసుకుంటాం. ఆ పలకల మీద ఇంకొక్క వాక్యం చేర్చాలని నా కోరిక: "ఇందులో సిబ్బందికి మరుగుదొడ్డి లేదు." అదీ దాని సాంకేతిక వివరాల్లో భాగమే.