రూల్ ప్రకారమే జరిగిన ప్రళయం

2021 చివర్లో ‘డోంట్ లుక్ అప్’ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినప్పుడు చాలామంది దాన్ని స్టాన్లీ కూబ్రిక్ సినిమా ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ (1964)తో పోల్చారు. రెండూ లోకం అంతమవడం మీద తీసిన కామెడీలే కాబట్టి పోల్చడం సహజమే. నాకు మాత్రం ఆ పోలిక సగమే కుదిరిందనిపిస్తుంది. ఆడమ్ మెకే సినిమాలో తోకచుక్క భూమి మీదకి వస్తుంటే ప్రెసిడెంటుకి ఎన్నికల గోల, టీవీ యాంకర్లకి రేటింగుల గోల, కంపెనీ ఓనరుకి తోకచుక్కలో ఉన్న ఖనిజాల గోల. మనం నవ్వేది మనుషుల తెలివితక్కువతనాన్ని చూసి. కాస్త బుద్ధున్నవాళ్ళు ఆ కుర్చీల్లో ఉంటే గండం గడిచేదన్న ధీమా మనకి మిగులుతుంది. కూబ్రిక్ ఆ ధీమా కూడా మిగల్చడు. అతని సినిమాలో అసలు పిచ్చెక్కింది ఒక్క జనరల్‌కే. మిగతావాళ్ళు దాదాపుగా ఎవరి డ్యూటీ వాళ్ళు శుభ్రంగా చేస్తారు.

ఆ జనరల్ పేరు జాక్ రిప్పర్. తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం కమ్యూనిస్టుల కుట్ర అని అతని నమ్మకం. (ఫ్లోరైడ్ అంటే మనకి నల్గొండ గుర్తొస్తుంది. అమెరికాలో కథ వేరు: పళ్ళు పుచ్చిపోకుండా కొద్ది మోతాదులో కావాలనే కలుపుతారు. అది కుట్ర అనే ప్రచారం కూబ్రిక్ కల్పించింది కాదు, అక్కడ అప్పటికే ఉంది.) తన చేతికింద ఉన్న బీ-52 బాంబర్లని రిప్పర్ సోవియట్ యూనియన్ మీదకి పంపేస్తాడు. ప్రెసిడెంటు అనుమతి లేకుండా ఎలా కుదురుతుంది? శత్రువు ముందే దాడి చేసి పైవాళ్ళందరూ చనిపోతే కింది అధికారి ఎదురుదాడికి ఆర్డర్ ఇవ్వొచ్చని ఒక ప్లాన్ ఉంటుంది. దాన్ని ఆమోదించింది కూడా ప్రెసిడెంటే.

ఇలాంటిది జరగకుండా తమ రక్షణ ఏర్పాట్లు అడ్డుకుంటాయని అమెరికా వైమానిక దళం అంటోందని సినిమా మొదట్లోనే ఒక ప్రకటన పడుతుంది. ఐసెన్‌హోవర్ కాలంలోనే కొందరు కమాండర్లకి, అత్యవసర పరిస్థితిలో ప్రెసిడెంటుని అడక్కుండా అణ్వాయుధాలు వాడే అధికారం ముందుగా ఇచ్చి ఉంచారు. ఆ కాగితాలు బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది. రాండ్ కార్పొరేషన్‌లో అణుయుద్ధ ప్రణాళికల మీద పనిచేసిన డేనియల్ ఎల్స్‌బర్గ్‌కి (తర్వాత పెంటగన్ పేపర్స్ బయటపెట్టింది ఈయనే) ఆ సంగతి అప్పటికే తెలుసు. 1964లో ఒక సహోద్యోగితో కలిసి ఈ సినిమా చూసి, ఇది డాక్యుమెంటరీ అనుకుంటూ బయటికొచ్చామని ఆయన తర్వాత రాసుకున్నాడు.

నిజానికి దీనికి ఆధారమైన పీటర్ జార్జ్ నవల ‘రెడ్ అలర్ట్’ (1958) సీరియస్ థ్రిల్లర్. కూబ్రిక్ కూడా మొదట సీరియస్‌గానే తీద్దామనుకున్నాడు. స్క్రిప్టు రాస్తుంటే, నవ్వొస్తుందని తీసేయాల్సి వస్తున్న విషయాలే అసలు నిజానికి దగ్గరగా ఉన్నాయని అతనికి అనిపించింది. అప్పుడు టెర్రీ సదర్న్‌ని పిలిచి కామెడీగా మార్చాడు.

ఫోన్ బూత్ సీన్ చూడండి. బాంబర్లని వెనక్కి పిలిచే కోడ్ కనిపెట్టిన బ్రిటిష్ ఆఫీసర్ మాండ్రేక్ దగ్గర ప్రెసిడెంటుకి ఫోన్ చేయడానికి చిల్లర ఉండదు. కోకాకోలా మెషీన్‌ని కాల్చి డబ్బులు తియ్యమంటే, పక్కనున్న కల్నల్ అది ప్రైవేటు ఆస్తి అంటూ నసుగుతాడు. ఇది మరీ అతి అనిపిస్తే 1962 అక్టోబరుకి వెళ్ళండి. క్యూబా క్షిపణుల సంక్షోభం నడుస్తోంది. వాషింగ్టన్‌లో సోవియట్ రాయబారి దోబ్రినిన్ మాస్కోకి పంపాల్సిన టెలిగ్రాములు తీసుకెళ్ళడానికి వెస్టర్న్ యూనియన్ కుర్రాడు సైకిలేసుకుని వచ్చేవాడు. దారిలో ఏ అమ్మాయితోనో కబుర్లకి ఆగకుండా వెళ్తే చాలని దేవుడికి మొక్కుకునేవాళ్ళమని దోబ్రినిన్ జ్ఞాపకాల్లో ఉంది. అక్టోబరు 28న, క్షిపణులు వెనక్కి తీసుకుంటానన్న మాటని క్రుష్చేవ్ మాస్కో రేడియోలో చదివించాడు. రెండు రాజధానుల మధ్య హాట్‌లైన్ వచ్చింది 1963 ఆగస్టులో. అదీ ఫోన్ కాదు, టెలిప్రింటర్.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది మాత్రం మేజర్ కాంగ్ బాంబర్. క్షిపణి దెబ్బకి రేడియో పోతుంది, ఇంధనం కారిపోతుంటుంది. అయినా వాళ్ళు కంగారు పడరు. లెక్కలేసుకుని, దగ్గర్లో ఉన్న ఇంకో టార్గెట్ వెతుక్కుంటారు. ఇంకే యుద్ధ సినిమాలో అయినా వీళ్ళు హీరోలు. చూస్తూ చూస్తూ మనమే వాళ్ళ పక్షం చేరిపోతాం, బాంబు తలుపులు తెరుచుకోకపోతే అయ్యో అనుకుంటాం. లోకం మునిగేది వాళ్ళ చేతగానితనం వల్ల కాదు, పనితనం వల్ల. 1979 నవంబరు 9న అమెరికా గగనతల రక్షణ కేంద్రం నోరాడ్‌లో శిక్షణ కోసం తయారుచేసిన డేటా అసలు వ్యవస్థలోకి వెళ్ళి, సోవియట్ క్షిపణులు వందలకొద్దీ వచ్చేస్తున్నట్టు స్క్రీన్ల మీద కనిపించింది. అంటే టెస్ట్ డేటా ప్రొడక్షన్‌లోకి వెళ్ళిందన్నమాట. మా ఫీల్డులో వాళ్ళకి ఇది విని ముందు నవ్వొస్తుంది, తర్వాత చెమట పడుతుంది. అక్కడ మనుషులు రాడార్లు సరిచూసుకుని ఆగారు.

సినిమాలో సోవియట్లు ఒక డూమ్స్‌డే మెషీన్ కట్టి ఉంటారు. తమ మీద అణుదాడి జరిగితే అది తనంతట తానే లోకాన్ని అంతం చేస్తుంది, ఆపే వీలుండదు. ఎవరికీ చెప్పకుండా దాచుకుంటే దాని వల్ల ఏం లాభం అని అరుస్తాడు స్ట్రేంజ్‌లవ్. సోమవారం పార్టీ కాంగ్రెస్‌లో ప్రకటిద్దామనుకున్నాం, మా ప్రీమియర్‌కి సర్‌ప్రైజులంటే ఇష్టం, అంటాడు రాయబారి. ఇరవై ఏళ్ళ తర్వాత, 1985లో, సోవియట్ యూనియన్ ‘పెరిమీటర్’ అనే వ్యవస్థని నిజంగానే పనిలోకి తెచ్చింది. పైనాయకత్వం తుడిచిపెట్టుకుపోయినా క్షిపణులు బయల్దేరేలా చేయడం దాని పని. పూర్తి ఆటోమేటిక్ కాదు, చివర్లో బంకర్‌లో కొద్దిమంది అధికారులు ఉంటారు. అలాంటిదొకటి ఉందని ప్రపంచానికి బహిరంగంగా తెలిసింది 1993లో. అప్పటికి సోవియట్ యూనియనే లేదు.